జాజ్ బృందంలో కనిపించని వాద్యకారుడు

శాంటా క్లారాలో నివసించే మనకు స్వదేశం నుంచి పెద్దలు వచ్చినప్పుడు చూపించవలసిన వాటిలో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో సాయంకాలపు నౌకావిహారం ఒకటి. గత వేసవిలో మా నాలుగు కుటుంబాలవారమూ అటువంటి విహారానికి వెళ్ళాము. ఆ పడవ పై అంతస్తులో జాజ్ సంగీత బృందం ఒకటి ప్రత్యక్షంగా వాయిస్తూ ఉంటుంది. మధ్యాహ్నం ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెంటీగ్రేడు, అంటే ఫారెన్‌హీటులో 86. సూర్యాస్తమయ వేళకు పడవ గోల్డెన్ గేట్ వంతెన క్రిందికి చేరేసరికి 14 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీటులో 57. పట్టుచీరల మీద శాలువలు, శాలువల మీద భర్తల కోట్లు చేరాయి.

బృందంలో నలుగురు వాద్యకారులు. ఒకరిది సాక్సఫోన్, ఒకరిది ట్రంపెట్, ఒకరిది మనిషంత ఎత్తున్న డబుల్ బేస్, ఒకరివి డ్రమ్ములు. నా ప్రక్కన కూర్చున్న మా మిత్రుని కుమార్తె ఎనిమిదో తరగతి చదువుతున్నది, మూడేళ్ళుగా వీణ నేర్చుకుంటున్నది. ఆమె పాటకన్న వాద్యకారుల చేతులనే ఎక్కువగా గమనిస్తున్నట్లు కనిపించింది. కొంతసేపటికి నన్ను మూడు ప్రశ్నలు అడిగింది.

“అంకుల్, సాక్సఫోన్ ఆయన తన వంతు రాకముందు చప్పుడు రాకుండా ఊరికే ఊదుతున్నారేమిటి? బేస్ ఆయన ప్రతి పాట తరువాతా మరలు తిప్పుతున్నారెందుకు? డ్రమ్ముల ఆయన మాత్రం ఏమీ సరిచేసుకోవడం లేదెందుకు?”

చూడడానికి చిన్న ప్రశ్నలు. కానీ మూడింటికీ సమాధానం ఒక్క చోటనే ఉన్నది. ఆ బృందంలో నలుగురు కాదు, ఐదుగురున్నారు. ఐదవ వాద్యకారుడు గాలి. అతడు వేడెక్కినా చల్లబడినా, తడిసినా ఎండినా, తక్కిన నలుగురూ అతనికి అనుగుణంగా శ్రుతి చేసుకోవలసినదే. ఆ రాత్రి ఆ అమ్మాయికి ముక్తసరిగా చెప్పిన సమాధానాన్ని ఈ వ్యాసంలో కొంత విపులంగా చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఇది జాజ్‌తో ఆగిపోయే విషయం కాదు. మన ఇళ్ళలో ఉన్న వీణలకూ మృదంగాలకూ కూడా దీనితో సంబంధం ఉన్నది.

పడవకూ జాజ్‌కూ ఉన్న పాత స్నేహం

జాజ్ సంగీతం న్యూ ఆర్లియన్స్ నగరంలో నల్లజాతివారి మధ్య రూపుదిద్దుకొన్నది. అది దేశం లోపలికి ప్రయాణించిన దారులలో మిసిసిపీ నది ఒకటి. స్ట్రెక్‌ఫస్ కుటుంబం వారి ఆవిరి పడవలు సెయింట్ లూయిస్ కేంద్రంగా ఆ నదిలో విహారయాత్రలు నడిపేవి. వాటి మీద ఫేట్ మారబుల్ అనే పియానో విద్వాంసుడు నడిపిన బృందంలో, 1910ల చివరనుంచి 1921 దాకా, యువకుడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ వాయించాడు. స్వరలిపిని చూసి ధారాళంగా వాయించడం ఆయనకు అబ్బినది ఈ పడవల మీదనే. కనుక పడవలో జాజ్ వినిపించడం నేటి పర్యాటక వ్యాపారులు కనిపెట్టిన వింత కాదు. ఆ సంగీతపు బాల్యంలోనే అది ఉన్నది.

మరొక చిన్న ముచ్చట. “జాజ్” అనే మాట అచ్చులో కనిపించిన తొలి సందర్భాలలో కొన్ని 1913లో శాన్ ఫ్రాన్సిస్కో “బులెటిన్” పత్రికలోని బేస్‌బాల్ వార్తలలో ఉన్నాయి. అప్పటికి ఆ మాటకు సంగీతంతో సంబంధం లేదు; హుషారు, చురుకుదనం అనే అర్థంలో వాడేవారు. సంగీతానికి ఆ పేరు షికాగోలో 1915 ప్రాంతంలో స్థిరపడింది. మాట మాత్రం మన అఖాతపు ఒడ్డున కూడా కొంతకాలం తిరుగాడినదే.

చల్లగాలి ఎక్కడినుంచి వస్తుంది?

శాంటా క్లారా నుంచి శాన్ ఫ్రాన్సిస్కో రేవు 45 మైళ్ళ దూరమైనా లేదు. అంత దగ్గరలో 16 డిగ్రీల తేడా ఎలా వచ్చింది?

వేసవిలో కాలిఫోర్నియా తీరం వెంట వాయవ్య దిశనుంచి గాలులు వీస్తాయి. ఆ గాలుల ఒత్తిడికి భూభ్రమణ ప్రభావం తోడై, ఉపరితలపు సముద్రజలాన్ని తీరంనుంచి దూరంగా నెడతాయి. ఖాళీ అయిన చోటికి లోతులనుంచి చల్లని నీరు పైకి వస్తుంది. ఆ నీటిని తాకిన తేమగాలి చల్లబడి, అందులోని ఆవిరి సన్నని బిందువులుగా మారుతుంది. అదే ఇక్కడి ప్రసిద్ధమైన పొగమంచు. అదే సమయంలో రాష్ట్రం నడుమనున్న సెంట్రల్ వ్యాలీ ఎండకు కాగుతుంది. అక్కడి వేడిగాలి పైకి లేస్తుంది. ఆ లోటు పూరించడానికి సముద్రపు గాలి లోపలికి రావాలి. తీరపు కొండల వరుసలో దానికి దొరికే పెద్ద ద్వారం గోల్డెన్ గేట్. కనుకనే సాయంకాలం ఆ వంతెన క్రింద గాలి అంత ఉధృతంగా ఉంటుంది. అఖాతపు దక్షిణపు కొసన, శాంటా క్రూజ్ కొండల చాటున ఉన్న మన ఊరికి ఆ గాలి చేరేసరికి దాని చలి చాలవరకు విరిగిపోతుంది.

ఇక్కడ జ్ఞాపకం ఉంచుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. నీటిని ఆనుకొని చల్లని పొర, దానిపైన వెచ్చని పొర ఏర్పడతాయి. సాధారణంగా పైకి పోయేకొద్దీ గాలి చల్లబడాలి. ఇక్కడ అది తలక్రిందులైంది. దీనినే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

గొట్టంలోని గాలి

సాక్సఫోన్‌ను బెల్జియం దేశస్థుడైన అడాల్ఫ్ సాక్స్ కనిపెట్టి, 1846లో పారిస్‌లో పేటెంటు పొందాడు. కద్రి గోపాలనాథ్ (1949–2019) దానిని కర్ణాటక సంగీతానికి మలచుకొని, త్యాగరాజ కృతులు వాయించిన తరువాత అది మనకు పరాయి వాద్యంగా అనిపించదు. ఒళ్ళంతా ఇత్తడి అయినా, సాక్సఫోన్‌లో మోగేది ఇత్తడి కాదు, గొట్టంలోని గాలిస్తంభం. నోటి దగ్గర బిగించిన రెల్లు జాతి బద్ద ఆ గాలిని కదిలిస్తుంది. గొట్టం పొడవు ఎంత, అందులో ధ్వని వేగం ఎంత అన్న రెండు అంశాలే ముఖ్యంగా స్వరాన్ని నిర్ణయిస్తాయి.

వాయువులో ధ్వని వేగం పరమ ఉష్ణోగ్రత వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. పొడిగాలిలో సున్న డిగ్రీల వద్ద అది సెకనుకు సుమారు 331 మీటర్లు; 14 డిగ్రీల వద్ద 340; 30 డిగ్రీల వద్ద 349. అంటే 30 నుంచి 14కు దిగితే వేగం 2.7 శాతం తగ్గుతుంది. గొట్టం పొడవు మారలేదు కనుక పౌనఃపున్యం కూడా అంతే శాతం తగ్గాలి. సెకనుకు 440 కంపనాలున్న స్వరం 428కి దిగుతుంది. దానికి అర్ధస్వరం క్రింద ఉన్న స్వరానికి 415 కంపనాలు. కనుక వాద్యం దాదాపు పావుస్వరం జారిందన్నమాట. షడ్జమానికీ శుద్ధ రిషభానికీ మధ్య ఉన్న దూరంలో సుమారు సగం. శ్రుతిజ్ఞానం ఉన్న చెవి దీనిని క్షణమైనా సహించదు.

వాద్యకారుడు చప్పుడు లేకుండా ఊదిన కారణం ఇప్పుడు స్పష్టమవుతుంది. ఆయన తన 37 డిగ్రీల శ్వాసతో గొట్టంలోని గాలిని వెచ్చచేసుకుంటున్నాడు. వాయిస్తున్నంతసేపూ ఆ వెచ్చదనం కొంతవరకు నిలుస్తుంది. కనుక నిజంగా జరిగే జారుడు పైన లెక్క వేసినంత ఉండదు. ఊరుకున్న మరుక్షణం చలి మళ్ళీ లోపలికి వస్తుంది. ట్రంపెట్ ఆయన కూడా తన వాద్యాన్ని కోటు లోపల పొదువుకొని కూర్చోవడం మేము చూశాము.

రసాయన శాస్త్రవేత్తగా నాకు ఇక్కడ ఒక సందేహం కలిగింది. మన శ్వాస కేవలం వేడిగాలి కాదు కదా. అందులో సుమారు 4 శాతం బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. దాని అణుభారం 44. గాలి సగటు అణుభారం 29. బరువైన వాయువులో ధ్వని నెమ్మదిస్తుంది. కానీ శ్వాసలో సుమారు 6 శాతం నీటి ఆవిరి కూడా ఉన్నది. దాని అణుభారం 18 మాత్రమే. ఒకటి బరువు పెంచితే మరొకటి తగ్గిస్తుంది. లెక్కవేసి చూస్తే రెండూ చాలవరకు చెల్లుకు చెల్లు అవుతాయి. మిగిలిన ప్రధాన కారణం ఉష్ణోగ్రతే.

“చలికి లోహం ముడుచుకుంటుంది కనుక శ్రుతి మారుతుంది” అని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. మీటరు పొడవున్న ఇత్తడి గొట్టం 16 డిగ్రీలు చల్లబడితే తగ్గే పొడవు 0.3 మిల్లీమీటరు. శాతంలో 0.03. పైగా గొట్టం కురచ అయితే శ్రుతి పెరగాలి కాని తగ్గకూడదు. గాలి ప్రభావం దీనికి దాదాపు తొంభై రెట్లు, వ్యతిరేక దిశలో. నేరం ఇత్తడిది కాదు, గాలిదే.

ఇత్తడిని ఉప్పుగాలి మరొక విధంగా బాధిస్తుంది. ఇత్తడి అంటే రాగి, యశదముల మిశ్రలోహం. తేమలోని క్లోరైడులు దాని మెరుపును హరిస్తాయి. గొట్టం లోపల శ్వాసలోని ఆమ్లత్వానికి యశదం కరిగి, ఎర్రని రాగి మచ్చలు మిగలవచ్చు. అందుకే కచేరీ ముగియగానే వాద్యాన్ని లోపలా వెలుపలా తుడిచి పెట్టెలో ఉంచుతారు. మన అమ్మమ్మలు ఇత్తడి బిందెను చింతపండుతో తోమినది కూడా ఈ రసాయనమే: చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి ఆక్సైడు పొరను కరిగిస్తుంది. అయితే లక్కపూత వేసిన సాక్సఫోన్ మీద ఆ చిట్కా ప్రయోగించవద్దని మనవి.

నీటి మీద పాట

గొట్టంలో పనిచేసిన సూత్రమే వెలుపల కూడా పనిచేస్తుంది. మా పడవ తిరుగు ప్రయాణంలో ఉండగా, చాలా దూరంలో పోతున్న మరొక పడవలోని నవ్వులూ మాటలూ ప్రక్కగదిలోనుంచి వచ్చినంత స్పష్టంగా వినిపించాయి. రాజమండ్రిలో గోదావరి గట్టున తెల్లవారుజామున నిలిచినవారికి ఇది అనుభవమే. నది నడుమ పడవవారి పలుకులు ఒడ్డుకు తేలివస్తాయి.

దీనికి కారణం ఇంతకుముందు చెప్పిన ఉష్ణోగ్రతా విలోమం. నీటిని ఆనుకున్న చల్లని పొరలో ధ్వని నెమ్మదిగానూ, పైనున్న వెచ్చని పొరలో వేగంగానూ పోతుంది. జోడెద్దుల బండిలో ఒక చక్రం బురదలో దిగబడితే బండి అటువైపే తిరుగుతుంది. అదేవిధంగా ధ్వని తరంగం క్రిందిభాగం వెనుకబడడంతో తరంగం మొత్తం క్రిందికి వంగుతుంది. దీనినే వక్రీభవనం అంటారు. ఆకాశంలోకి పోయి నశించవలసిన ధ్వని ఇలా వంగి తిరిగి నీటిమీదికి వస్తుంది. నిశ్చలమైన నీరు దానిలో వెయ్యింట ఒక వంతును మాత్రమే లోపలికి తీసుకొని, తక్కినదంతా అద్దంలా పరావర్తనం చేస్తుంది. మిట్టమధ్యాహ్నం కాగిన నేలమీద ఇందుకు సరిగ్గా విరుద్ధం: క్రింద వేడి, పైన చలువ. ధ్వని పైకి వంగిపోతుంది. కేక వేసినా దూరానికి అందదు.

పొగమంచే ధ్వనిని మోస్తుందని కొందరూ, అడ్డగిస్తుందని కొందరూ నమ్ముతారు. 1873లో జాన్ టిండాల్ అనే శాస్త్రజ్ఞుడు ఇంగ్లండులో డోవరు సమీపాన సౌత్ ఫోర్‌లాండ్ వద్ద నౌకల హెచ్చరిక సంకేతాల మీద ప్రయోగాలు చేసి, పొగమంచు ధ్వనికి అడ్డు కాదని తేల్చాడు. గోల్డెన్ గేట్ వంతెన మీద నేటికీ పొగమంచు వేళ భోంకారాలు మ్రోగడానికి ఆధారం అదే: వెలుగు చొరలేని చోట శబ్దం చొరగలదు.

తీగల దారి వేరు

ఇక రెండవ ప్రశ్న. చలికి సాక్సఫోన్ శ్రుతి దిగుతుంటే, డబుల్ బేస్ శ్రుతి ఎటు పోతుంది? పైకి.

తీగ మోగించే స్వరం దాని బిగువు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. ఉదాహరణకు, మీటరు ఉక్కుతీగను మరలు బిగించి 3 మిల్లీమీటర్లు సాగదీశామనుకొందాం. 16 డిగ్రీలు చల్లబడితే ఆ తీగ 0.19 మిల్లీమీటరు ముడుచుకోవాలనుకుంటుంది. కానీ రెండు కొసలూ బిగించి ఉన్నాయి, ముడుచుకోలేదు. ఆ కోరికంతా బిగువుగా మారుతుంది. బిగువు సుమారు 6 శాతం పెరిగితే స్వరం 3 శాతం పెరుగుతుంది. కొయ్య కూడా కాస్త ముడుచుకుంటుంది కనుక వాస్తవంలో పెరుగుదల ఇంతకు తక్కువ. అయినా విషయం స్పష్టమే. ఒకే చలి ఒకే వేదిక మీద ఒక వాద్యాన్ని క్రిందికీ, మరొకదానిని పైకీ లాగుతున్నది. ఆ మధ్యనున్న దూరాన్ని పూడ్చడానికే బేస్ ఆయన ప్రతి పాటకూ మరలు తిప్పుతున్నాడు.

ఆ సమయానికి మా తలమీదనున్న వంతెన కూడా ఒక మహా తంత్రీవాద్యమే. 1937లో ప్రారంభమైన దాని రెండు స్తంభాల మధ్య దూరం 1,280 మీటర్లు. అంత పొడవున్న ఉక్కు 16 డిగ్రీలు చల్లబడితే సుమారు 25 సెంటీమీటర్లు తగ్గుతుంది. వ్రేలాడే ఉక్కుమోకులు కురచ అయ్యేకొద్దీ వంతెన నడిమి భాగం కొంచెం పైకి లేస్తుంది. ఇంజనీర్లు ఈ కదలికకు ముందుగానే చోటు విడిచారు. అందుకే వంతెన నిలిచింది. చోటు విడవకపోతే ఏమవుతుందో మా ఇంటి వీణ ద్వారా తెలుసుకున్నాను. ఆ సంగతి చెప్పేముందు మూడవ ప్రశ్న మిగిలింది.

డప్పు కాచుకోవడంలోని రసాయనం

మన పల్లెలలో డప్పు వాయించేవారు వాయించేముందు గడ్డిమంట వేసి డప్పును కాచుకోవడం అందరూ చూసినదే. చర్మంలో ప్రధాన పదార్థం కొల్లాజెన్ అనే మాంసకృత్తు. మూడు పోగుల త్రాడువలె పెనవేసుకొన్న ఈ అణువులు హైడ్రోజన్ బంధాల ద్వారా నీటిని పట్టి ఉంచుతాయి. తేమగాలిలో నీటి అణువులు పోగుల మధ్య చేరి వాటిని జారనిస్తాయి. చర్మం మెత్తబడి, సాగి, శ్రుతి దిగుతుంది. మంట దగ్గర పెట్టగానే ఆ నీరు ఆవిరై చర్మం బిగుసుకుంటుంది, డప్పు ఖంగుమంటుంది. ఏ పాఠశాలలోనూ చదవని ఈ రసాయనాన్ని మన డప్పు కళాకారులు తరతరాలుగా చేతులతో ఎరుగుదురు.

తొలినాటి జాజ్ డ్రమ్ములకు కూడా దూడతోలు మూతలే. తేమ రాత్రులలో అవి చల్లగా చప్పబడేవి. 1957 ప్రాంతంలో పాలియెస్టర్ పొరతో చేసిన మూతలు బజారులోకి వచ్చాయి. ఇథిలీన్ గ్లైకాల్, టెరిఫ్తాలిక్ ఆమ్లం కలిసి ఏర్పడే ఈ పాలిమర్‌లో నీటిని పట్టుకొనే స్థానాలు బహు స్వల్పం. అది తన బరువులో ఒక శాతమైనా నీటిని పీల్చదు. కనుకనే మా పడవలోని డ్రమ్ముల ఆయన చేతులు కట్టుకొని తన వంతుకోసం నిశ్చింతగా ఎదురుచూడగలిగాడు.

అయితే మృదంగానికి కూడా పాలియెస్టర్ మూత వేస్తే సరిపోదా? అంత సులభం కాదు. సాధారణమైన డ్రమ్ము పొర నుంచి వచ్చే ఉపస్వరాలు మూలస్వరానికి పూర్ణగుణకాలుగా ఉండవు. అందుకే దాని నాదంలో స్పష్టమైన స్వరం వినిపించదు. మృదంగం కుడిమూత నడుమ పొరలు పొరలుగా అంటించే నల్లని ముద్ద బరువును తగినట్లు పంచి, ఆ ఉపస్వరాలను పూర్ణగుణకాలకు దగ్గరగా తెస్తుంది. ఈ రహస్యాన్ని విశదీకరించినవారు సర్ సి. వి. రామన్. 1920లో సహపరిశోధకునితో కలిసి “నేచర్” పత్రికలోనూ, 1934లో మరింత విపులంగానూ ఆయన దీనిమీద వ్రాశారు. ఆ మూతలో తోలు, ముద్ద, వారుల బిగువు అన్నీ కలిసి పనిచేస్తాయి. ఒకదానిని మార్చితే తక్కినవన్నీ మళ్ళీ సరిచూసుకోవాలి.

కొయ్య దాహం

ఇప్పుడు మా వీణ సంగతి. విజయనగరం జిల్లాలోని బొబ్బిలి పనసకొయ్య వీణలకు ప్రసిద్ధి. ఒకే దుంగను తొలిచి కుండ, దండి కలిపి చేసే ఏకాండి వీణలు అక్కడివారి ప్రత్యేకత. మా అమ్మ చిన్నతనంనుంచి వాయించిన వీణ అటువంటిది. పదేళ్ళ క్రిందట ఎన్నో జాగ్రత్తలతో దానిని ఇక్కడికి తెచ్చుకున్నాము. అందంగా కనిపిస్తుందని ముందుగదిలో నిలబెట్టాము. దాని క్రిందనే వేడిగాలి వచ్చే రంధ్రం ఉన్నదన్న విషయం నేను పట్టించుకోలేదు. ఒక జనవరి రాత్రి టప్పుమని శబ్దం వినిపించింది. తెల్లవారి చూస్తే కుండమీది పలకపై జానెడు పొడవున పగులు.

వృత్తిరీత్యా నేను రోజూ తేమను కొలిచే మనిషిని. ప్రయోగశాలలో ఒక సీసా మూత తెరిచి ఉంటే ఒప్పుకోను. ఇంట్లో మాత్రం ఆ జ్ఞానం అక్కరకు రాలేదు. జరిగినదేమిటో తరువాత లెక్క వేసుకున్నాను.

కొయ్యలోని సెల్యులోజు అణువులనిండా హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. అవి నీటిని ఆకర్షిస్తాయి. కొట్టి ఎండబెట్టి ఎన్నేళ్ళయినా కొయ్య చుట్టూ ఉన్న గాలితో నీటిని ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. సాపేక్ష ఆర్ద్రత 75 శాతం ఉన్న గాలిలో కొయ్య బరువులో సుమారు 14 శాతం నీరు నిలుస్తుంది. ఆర్ద్రత 33 శాతానికి దిగితే నిలిచేది సుమారు 7 శాతమే. నీరు పోయినప్పుడు కొయ్య పొడవునా దాదాపు మారదు. ఈనెకు అడ్డంగా మాత్రం ముడుచుకుంటుంది. అడ్డంగా ఒక్క శాతం అనుకున్నా, 30 సెంటీమీటర్ల వెడల్పుకు 3 మిల్లీమీటర్లు. పలక అంచులు కుండకు అతికించి ఉన్నాయి. కదలడానికి చోటు లేదు. అందుకే పగిలింది.

“కాలిఫోర్నియా చలికాలంలో వానలు కురుస్తాయి కదా, ఆ పొడితనం ఎక్కడిది?” అని అడగవచ్చు. జనవరిలో బయటిగాలి 8 డిగ్రీల వద్ద 80 శాతం ఆర్ద్రతతో ఉన్నదనుకొందాం. అందులో ఘనపు మీటరుకు సుమారు 6.6 గ్రాముల ఆవిరి ఉంటుంది. అదే గాలిని ఇంట్లోకి తీసుకొని 22 డిగ్రీలకు వెచ్చచేశాము. ఆవిరి ఒక్క గ్రాము కూడా పెరగలేదు. కానీ 22 డిగ్రీల వద్ద గాలి 19.4 గ్రాములు పట్టుకోగలదు. కనుక ఆర్ద్రత మూడింట ఒక వంతుకు పడిపోయింది. బయట వాన పడుతూనే ఉన్నది, లోపల వీణ దాహంతో ఎండిపోయింది. వేడిగాలి రంధ్రం దగ్గర పరిస్థితి ఇంకా తీవ్రం.

మన ఇంటి వాద్యాల సంరక్షణ

ఈ లెక్కలనుంచి మన కుటుంబాలకు పనికివచ్చే జాగ్రత్తలు కొన్ని తేలుతున్నాయి.

1. వాద్యమున్న గదిలో చిన్న ఆర్ద్రతామాపకం ఉంచండి. సామాను దుకాణంలో స్వల్ప ధరకే దొరుకుతుంది. సూచిక 45 నుంచి 55 శాతం మధ్య నిలిస్తే కొయ్యకు క్షేమం. చలికాలంలో 40కి దిగితే గదిలో ఆవిరి యంత్రం పెట్టండి. దాని ఆవిరి నేరుగా వాద్యం మీద పడనివ్వకండి.

2. వేడిగాలి రంధ్రం, పొయ్యి, ఎండ పడే కిటికీల దగ్గర వాద్యాన్ని ఉంచవద్దు. వాయించనప్పుడు పెట్టెలో ఉంచడమే మేలు. పెట్టె మూసి ఉంటే మార్పులు నెమ్మదిగా జరుగుతాయి. కొయ్యకు హాని చేసేది మార్పుకన్న మార్పులోని వేగం.

3. వేసవిలో కారులో వీణను వదలిపోవద్దు. వీణమెట్లు 24 నిలిచి ఉన్నది మైనం మీద. తేనెమైనం 62 డిగ్రీల దాటిన తరువాత కరుగుతుంది కాని, అంతకు ఎంతో ముందే మెత్తబడుతుంది. శాంటా క్లారా ఎండలో మూసిన కారు లోపల 50 డిగ్రీలు దాటడం కష్టం కాదు. మెట్లు క్రుంగితే స్వరస్థానాలన్నీ తప్పుతాయి; మళ్ళీ మేళం కట్టగలవారు ఈ దేశంలో అరుదు.

4. విమానంలో తెచ్చేటప్పుడు తీగలను కొద్దిగా సడలించండి. చలికి ఉక్కు బిగుసుకుంటుందని పైన చూశాము. ఇంటికి చేరిన వెంటనే పెట్టె తెరవక, ఒక రోజంతా గదిలో ఉంచి తరువాత తెరవండి.

5. మృదంగం తేమకు శ్రుతి దిగితే, రాయితో, కర్రపుల్లతో బిగించేముందు వెచ్చని పొడిగదిలో కొంతసేపు ఉంచి చూడండి. తడిసిన తోలును అతిగా బిగిస్తే, అది ఎండినప్పుడు వారులూ మూతా తెగవచ్చు.

6. ఆరుబయట కచేరీలలో సన్నాయి, వేణువు వంటివాటితో తీగవాద్యాలు కలిసి ఉంటే, ప్రొద్దు గుంకిన తరువాత ఒకసారి మళ్ళీ శ్రుతి చూసుకోవడానికి వ్యవధి ఇవ్వండి. కార్యక్రమ నిర్వాహకులు దీనిని ఆలస్యంగా భావించకుందురు గాక.

ముగింపు

మా వీణ పగులును నిపుణుడొకరు అతికి ఇచ్చారు. నాదం పూర్వంలా లేదు. అమ్మ ఫోనులో విని, “పై స్థాయి బాగానే ఉందిరా, మంద్రం కొంచెం బొంగురుపోయింది” అన్నది. ఇండియాలో కూర్చొని ఆమె పట్టుకున్న ఆ తేడాను నా పరికరాలతో కొలవడానికి నాకు వారం పట్టింది.

ఆ రాత్రి పడవ రేవు చేరేముందు బృందంవారు చివరి పాట మొదలుపెట్టారు. సాక్సఫోన్ ఆయన తన వంతుకు ముందు మళ్ళీ నిశ్శబ్దంగా ఊదాడు. బేస్ ఆయన చెవి తీగకు ఆనించి ఒక మర సవరించాడు. మా అమ్మాయి నవ్వి నా వైపు చూసింది. మరుసటి వారం వాళ్ళ నాన్నగారు ఫోను చేసి చెప్పారు: ఇంటికి రాగానే ఆమె తన వీణను కిటికీ ప్రక్కనుంచి తీయించి, గదిలో ఆర్ద్రతామాపకం పెట్టించిందట. రోజూ సాధనకు ముందు ఆ అంకెను పుస్తకంలో వ్రాసుకుంటున్నదట. ఆ పుస్తకాన్ని ఒక సంవత్సరం కొనసాగించమని చెప్పాను. వచ్చే చలికాలం ముగిసేనాటికి, ఈ వ్యాసంలో నేను వ్రాసినదానికన్న తన వీణ గురించి ఆమెకే ఎక్కువ తెలిసి ఉంటుంది.